పుక్కిట నీళ్లు

అక్టోబర్ 4

ఇవాళ స్కూల్లో మీటింగు. అమ్మల్నీ నాన్నల్నీ తీసుకెళ్లి పిల్లల బెంచీల మీద కూర్చోబెట్టారు. మోకాళ్లు వచ్చి గడ్డానికి తగిలాయి. మూడో తరగతి టీచరమ్మ చిన్నపిల్ల, మొన్నమొన్ననే చదువు ముగించుకుని వచ్చినట్టుంది. లెక్కలు స్కూల్లో చెప్పినంత మాత్రాన రావట, ఇంట్లో కూడా ఎవరో ఒకరు పట్టించుకోవాలట.

"రోజూ ఒక్క పావుగంట పిల్లల పక్కన కూర్చోండి చాలు. మీరేం నేర్పక్కర్లేదు. ఎలా చేశారో చెప్పమని అడగండి, వాళ్లు చెప్పేది వినండి" అంది.

నేర్పక్కర్లేదట. మరి పక్కన కూర్చుని ఈగలు తోలుకోవాలా?

తక్కినవాళ్లంతా బిక్కమొహాలు వేశారు. నా పక్కనున్న టైలరు "నాకు మూడో ఎక్కమే రాదండీ, మావాడే నాకు చెప్పాలి" అని నవ్వాడు. సిగ్గులేకపోతే సరి. నాకు లెక్కల గురించి ఒకరు చెప్పాలా? లోడు లారీ కాటా ఎక్కుతుంది, అదొక అంకె. సరుకు దింపుకుని ఖాళీగా మళ్లీ ఎక్కుతుంది, అది ఇంకో అంకె. పెద్దదాన్లోంచి చిన్నది తీసేస్తే సరుకు బరువు. పొద్దున్నించి సాయంత్రం దాకా నా ఉద్యోగం అదే. ఇరవై నాలుగు వేల మూడు వందల డెబ్భైలోంచి తొమ్మిది వేల ఆరు వందల ఎనభై ఐదు పోతే ఎంత? పద్నాలుగు వేల ఆరు వందల ఎనభై ఐదు. కాగితం ముట్టను. డ్రైవర్లు టీ పందెం కాసి ఓడిపోయేవాళ్లు. "కాటా అన్న తలకాయలో మిషనుంది" అనేవాళ్లు.

అనేవాళ్లు. పోయిన నెల ఓనరు నిజం మిషనే తెచ్చి పెట్టాడు. తీసివేత అదే చేసుకుంటుంది, చీటీ అదే కక్కుతుంది. నేను మీట నొక్కాలి. ఏకై వచ్చి మేకై కూర్చుంది.

సరే. ఇంట్లో ఒక పని దొరికింది. రేపటి నుంచి మా అమ్మాయి గువ్వకి లెక్కలు నేనే చెప్తాను.

అక్టోబర్ 5

గువ్వ అసాధ్యురాలు.

మా ఆవిడ మందుల షాపు నుంచి వచ్చేసరికి చీకటి పడుతుంది కాబట్టి సాయంత్రాలు ఇంట్లో తండ్రీకూతుళ్లమే. వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాం. యాభై రెండులోంచి ముప్పై ఎనిమిది తియ్యమన్నాను. రెండులోంచి ఎనిమిది పోదు కదా, పక్కింటికెళ్లి ఒకటి అప్పు తెచ్చుకో అని చెప్పాను, మా నాన్న నాకు చెప్పినట్టే.

"మళ్లీ ఎప్పుడిచ్చేస్తాం నాన్నా?"

"ఇవ్వక్కర్లేదమ్మా."

"మరి అప్పంటావేంటి? అది దొంగతనం కదా."

నవ్వు ఆగలేదు. తర్వాత ఐదు వందల మూడు వేశాను. మధ్యలో సున్నా. పక్కింట్లో ఏమీ లేదు కాబట్టి ఆ పై ఇంటికి వెళ్లాలి అన్నాను. "పాపం, ఈ వీధిలో అందరూ లేనివాళ్లే" అంది. రాత్రి అన్నాల దగ్గర మా ఆవిడకి చెప్తే ఆవిడకి పొలమారేంత నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత ఇంట్లో ముగ్గురం ఒకేసారి నవ్వాం.

లోపం ఒక్కటే. ప్రతిదానికీ బల్ల కింద వేళ్లు ముడుస్తోంది.

అక్టోబర్ 11

వేళ్లు అన్నం తినడానికి, లెక్క తలకాయతో చెయ్యాలి అని చెప్పాను. వినదు. అలవాటు, పాపం. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చోమన్నాను. ఆటలాగే చెప్పాను. ఆటలాగే కూర్చుంది.

ఇంకో సంగతి బయటపడింది. టీచరమ్మ తీసివేతని తీసివేతలా చెప్పడం లేదు. "ముప్పై ఎనిమిది నించి నలభైకి రెండు అడుగులు. నలభై నించి యాభై రెండుకి పన్నెండు అడుగులు. మొత్తం పద్నాలుగు" అంటోంది గువ్వ. నడకట దాని పేరు. చిన్న అంకె దగ్గర బయల్దేరి పెద్ద అంకె దాకా నడిచి వెళ్లడం. చిల్లర ఇచ్చేవాళ్ల లెక్క ఇది. తీసివేత అంటే తియ్యాలి. కలుపుకుంటూ పోతే అది కూడికవుతుంది గాని తీసివేత ఎలా అవుతుంది?

"జవాబు సరిగ్గానే వచ్చింది కదా నాన్నా" అంది.

జవాబు వస్తే సరా? దారి తప్పి ఊరు చేరినవాడు రేపు ఇంకో ఊరికి ఎలా వెళ్తాడు? నడకలు మన ఇంట్లో వద్దు అన్నాను. పావుగంట చాలక గంట దాటింది.

అక్టోబర్ 13

ఇవాళ అన్నీ తప్పులే. దాని మీద చెయ్యి మాత్రం ఎత్తలేదు.

అక్టోబర్ 17

కాటా దగ్గర ఒకణ్ణి పట్టుకున్నాను. లోడుతో ఎక్కినప్పుడు డ్రైవరూ వాడి బావమరిదీ ఇద్దరూ క్యాబిన్లో కూర్చున్నారు. ఖాళీ బండి తూచేటప్పుడు ఇద్దరూ దిగి బీడీలు కాలుస్తున్నారు. ఇద్దరు మనుషుల బరువు సరుకు కింద లెక్కకొచ్చేస్తుంది. బావమరిది మామూలు మనిషి కూడా కాదు, రెండు బస్తాలుంటాడు. మళ్లీ ఎక్కించి తూయించాను. మిషనుకి ఇవన్నీ తెలుస్తాయా? కాటా మీద సరుకు కాకుండా ఇంకెవరు నిలబడ్డారో చూసుకోవడమే అసలు విద్య.

ఓనరుకి చెప్తే "సర్లేవయ్యా" అన్నాడు. ఫోన్లోంచి తల కూడా ఎత్తలేదు.

అక్టోబర్ 20

కనిపెట్టాను.

గువ్వ చేతులు తొడల కిందే ఉంటున్నాయి. అయినా కొన్ని జవాబులు నెమ్మదిగా, సరిగ్గా వస్తున్నాయి. ఎలా వస్తున్నాయా అని రెండు రోజులుగా మొహం గమనించాను. బుగ్గ కదులుతోంది. నాలుకతో పళ్లు లెక్కపెట్టుకుంటోంది. పైన ముందు పళ్లు రెండు ఊడి ఉన్నాయి కదా, అక్కడికి వచ్చేసరికి లెక్క తప్పుతోంది. అందుకే ఎనిమిది, తొమ్మిది దగ్గర తడబాటు. ఎంత నవ్వొచ్చిందో. మా నాన్న నన్ను ఇంత జాగ్రత్తగా ఎప్పుడైనా చూశాడా?

మందు కూడా నేనే కనిపెట్టాను. పుక్కిట నీళ్లు పట్టుకోవాలి. నోటి నిండా నీళ్లుంటే నాలుక ఆడదు, ఆడిస్తే కారిపోతాయి. తలకాయలో జవాబు దొరికాక మింగేసి చెప్పాలి. నొప్పి లేదు, తిట్టు లేదు. మంచినీళ్లే కదా.

అక్టోబర్ 21

నీళ్లు గౌను మీద కారాయి. మార్చుకుంటానంది. వద్దన్నాను. తడిగౌనుతో కూర్చుంటేనే గుర్తుంటుంది. చెయ్యి మాత్రం ఎత్తలేదు.

అక్టోబర్ 27

మా ఆవిడ ఇవాళ ముందే వచ్చేసింది, షాపులో కరెంటు లేదని. సరిగ్గా అప్పుడే గువ్వకి పొలమారాలా? ముక్కులోంచి నీళ్లొచ్చి, కళ్లు ఎర్రబడి, దగ్గు ఆగడం లేదు. చేతులు మాత్రం తొడల కింద నుంచి తియ్యలేదు. ఆ మాట ఒప్పుకోవాలి, క్రమశిక్షణ వచ్చింది.

"ఏం చేస్తున్నారు దాన్ని?" అంది గుమ్మంలోంచే.

"లెక్కలు."

"లెక్కలకి నోట్లో నీళ్లెందుకు?"

చెప్పాను. వేళ్లు, పళ్లు, అన్నీ వివరంగా చెప్పాను. నేను చెప్తున్నంతసేపూ పిల్ల వీపు నిమురుతూ నన్నే చూసింది. మెచ్చుకుంటుందనుకున్నాను, వెర్రివాణ్ణి.

"దానికి ఎనిమిదేళ్లు" అంది చివరికి.

"మొక్కై వంగనిది మానై వంగుతుందా?"

"వంచుతున్నారా, పీకుతున్నారా మీరు?"

గువ్వ మధ్యలో "నాకేం కాలేదమ్మా, ఇంకొక్క లెక్కే ఉంది" అంది. నా వైపే మాట్లాడింది. అదీ నా కూతురంటే. మా ఆవిడ పొద్దుటి డ్యూటీ వేయించుకుంటానంటోంది. వచ్చే నెల దాకా కుదరదని షాపువాళ్లు ఎప్పుడో చెప్పారు. అననీ.

నవంబర్ 2

స్కూలు గేటు దగ్గర టీచరమ్మ ఆపింది.

"మీరు ఇంట్లో బాగా కూర్చుంటున్నారనుకుంటాను సార్. తీసివేతల్లో మీ పాపే ముందుంటోంది. పక్కపిల్లలకి కూడా తనే చెప్తుంది, నడిచి నడిచి చూపిస్తుంది."

"మా గువ్వా?"

"మీ గువ్వే."

నా కాళ్లు ఒక్క క్షణం నేల మీద లేవు. ఇంటికి రాగానే అవే లెక్కలు వేశాను. ఒక్కటీ రాలేదు. రెండోసారి వేశాను. మొదటిసారి వచ్చిన తప్పులు కూడా రాలేదు, కొత్త తప్పులు వచ్చాయి.

అక్కడ వచ్చేది ఇక్కడ ఎందుకు రాదు? పక్కన కూర్చునే రెండు జడల పిల్లది చూసి రాస్తోంది. ఇంకేముంటుంది? ఎవరిది చూసి రాస్తున్నావని అడిగితే ఎవరిదీ కాదంది. మళ్లీ అడిగాను. మళ్లీ అదే మాట. ఏడుపు. ఏడుపంటే తప్పు ఒప్పుకున్నట్టే. లెక్కలు రాకపోతే పోనీ అనుకోవచ్చు, అబద్ధాలాడే పిల్ల నా ఇంట్లో తయారవుతుందనుకోలేదు.

నవంబర్ 3

ఒకే సరుకు రెండు చోట్ల రెండు బరువులు తూగదు. ఎక్కడో మోసం ఉంది.

నవంబర్ 9

రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

పొద్దున స్కూల్లో పెద్దవాళ్లూ పిల్లలూ కలిసి లెక్కలు చేసే కార్యక్రమం. ఎవరి పిల్ల పక్కన వాళ్లు కూర్చోవాలి. ఓనర్ని అడిగి రెండు గంటలు పర్మిషన్ పెట్టుకుని వెళ్లాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. ఒక పక్క టైలరూ వాడి కొడుకూ, ఇంకో పక్క రెండు జడల పిల్లా వాళ్లమ్మా. టీచరమ్మ అందరికీ ఒకే లెక్క ఇచ్చింది. ఆరు వందల నాలుగులోంచి రెండు వందల యాభై ఏడు.

మా పిల్ల కాగితం చూసింది. సంచిలోంచి సీసా తీసింది. మూత తిప్పి నోటి నిండా నీళ్లు పట్టింది. మూత పెట్టేసింది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వీపు నిటారుగా పెట్టి, నా మొహం చూస్తూ కూర్చుంది.

నేను చెప్పలేదు. ఇక్కడ అలా చెయ్యమని నేను చెప్పలేదు.

టైలరు కొడుకు "టీచర్, దీని నోట్లో నీళ్లున్నాయి" అని అరిచాడు. టీచరమ్మ వచ్చింది. "ఏమైందమ్మా? మింగేసి చెప్పు" అంది. పిల్ల తల అడ్డంగా ఊపింది. జవాబు ఇంకా దొరకలేదు కదా, ఎలా మింగుతుంది. నేను నవ్వేశాను. "ఇంట్లో ఆడుకునే ఆట మేడమ్" అన్నాను.

"ఏం ఆట సార్?"

నేను కాగితం వైపు చూశాను. టీచరమ్మ నేల మీద మోకాళ్లేసి కూర్చుంది. "మింగెయ్ తల్లీ. ఏం కాదు" అంది. పిల్ల టీచరమ్మని చూడటం లేదు, నన్నే చూస్తోంది. ఊడిన పళ్ల సందులోంచి నీళ్లు సన్నగా గడ్డం మీదికి కారుతున్నాయి.

"మింగు" అన్నాను.

మింగింది. "జవాబు రాలేదు నాన్నా. తడిగౌనుతోనే కూర్చుంటాను" అంది.

మెల్లిగానే అంది. కాని గది మొత్తానికి వినపడింది. రెండు జడల పిల్ల వాళ్లమ్మ తన కూతుర్ని దగ్గరికి లాక్కుంది, అక్కడికి నేనేదో పులినైనట్టు. టైలరు మొహం పక్కకి తిప్పుకున్నాడు. మూడో ఎక్కం రానివాడు నా మీద జాలిపడుతున్నాడో, అసహ్యపడుతున్నాడో.

టీచరమ్మ "ఒక్క నిమిషం బయట ఉంటారా సార్" అంది. వరండాలోకి వచ్చాను. తలుపు సగమే వేసింది. లోపలి నుంచి పిల్ల గొంతు.

"రెండు వందల యాభై ఏడు నించి అరవైకి మూడు. అక్కణ్ణించి మూడు వందలకి నలభై. అక్కణ్ణించి ఆరు వందల నాలుగుకి మూడు వందల నాలుగు. మొత్తం మూడు వందల నలభై ఏడు."

ఎవరో చప్పట్లు కొట్టారు. పిల్ల నవ్వింది. ఆ నవ్వు విని నాకు ఒళ్లు మండింది. నా దగ్గర నవ్వదేం?

నా దగ్గర చదువు, అక్కడ ఆట. అదీ తేడా. జవాబు టీచరమ్మే అందించి ఉంటుంది.

నవంబర్ 10

టీచరమ్మ మా ఆవిడకి ఫోన్ చేసిందట. ఆడవాళ్లిద్దరూ కలిసి నన్ను తూచారు.

మా ఆవిడ ఈసారి అరవలేదు. చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, నా ఎదురుగా కూర్చుంది.

"మీరు పక్కనుంటే దానికి రాదు, మీరు బయటికెళ్తే వస్తుంది. ఇంకా ఏం కావాలి మీకు అర్థం కావడానికి? ఆ డ్రైవరు బావమరిది బరువు సరుకులో కలవనివ్వలేదు కదా మొన్న. మరి మీరు దిగండి. మీరు కాటా మీద నిలబడి పిల్లని తూస్తున్నారు."

మంచి మాటే. ఎవరైనా వింటే చప్పట్లు కొడతారు. "జవాబు టీచరు చెప్పింది" అన్నాను.

"ఎవరి కళ్లతో చూశారు?"

"చూడక్కర్లేదు. నాకు తెలుసు."

"తను పట్టిన కుందేలుకి మూడే కాళ్లన్నాట్ట. మీకు చెప్పడం నాదే బుద్ధి తక్కువ" అని లేచిపోయింది.

పిల్ల పక్క గదిలో ఉంది. విని ఉంటుంది. తల్లి తండ్రిని అలా అనడం పిల్ల వినడం ఎంత చెడ్డ సంగతో ఆవిడకి తట్టదు.

నవంబర్ 14

మీట నొక్కడం అకౌంట్లు రాసే కుర్రాడు చేసుకుంటాడట. నన్ను గేటు దగ్గరికి మార్చారు. లారీ వస్తే అడ్డుకర్ర ఎత్తాలి, పోతే దించాలి. ఓనరు చేతికి ఒక ఈల ఇచ్చాడు. "బాగా గట్టిగా ఊదాలయ్యా, డ్రైవర్లకి వినపడదు" అన్నాడు.

ఊదాను. ఒక డ్రైవరు అద్దం దించి "కాటా అన్నా, కొత్త మిషనా?" అన్నాడు. వాడి పక్కవాడు పడి పడి నవ్వాడు.

ఇంటికొచ్చి పిల్లని పిలిచాను. ఇవాళ కొంచెం ఎక్కువసేపే చేయించాను. చెయ్యి మాత్రం ఎత్తలేదు. ఎత్తలేదు.

నవంబర్ 16

నిజం తేల్చేశాను.

టీచరమ్మతో పని లేకుండా నేరుగా పెద్ద మేడమ్ గదికి వెళ్లాను. ఆవిడ పాతకాలం మనిషి, మర్యాద తెలుసు, కూర్చోమంది. నా కూతురు చూసి రాస్తోంది, ఆ మార్కులు నాకు వద్దు, నా ముందు పరీక్ష పెట్టండి అన్నాను. ఆవిడ కళ్లజోడు తీసి నన్ను తేరిపార చూసింది.

"మార్కులు వెయ్యమని వచ్చే తండ్రుల్నే చూశాను గాని, తియ్యమని వచ్చిన తండ్రిని చూళ్లేదు. మీలాంటివాళ్లు క్లాసుకి ఒక్కరుంటే చాలు."

ఎన్నాళ్లయింది నాతో ఒకళ్లు ఇలా మాట్లాడి. కళ్లు చెమర్చాయి.

పిల్లని పిలిపించారు. వెనకే టీచరమ్మ కూడా వచ్చింది, పిలవకుండానే. పెద్ద మేడమ్ ఐదు లెక్కలిచ్చింది. నేను పిల్ల పక్కనే నిలబడ్డాను. ఒక్కటీ చెయ్యలేదు. పెన్సిలు పట్టుకుని నా చొక్కా గుండీల వంక చూస్తూ ఉండిపోయింది.

"ఆయన్ని బయటికి పంపి అడగండి మేడమ్" అంది టీచరమ్మ. "అది ఎవరిదీ చూసి రాయదు. రెండు జడల పిల్లే దీనిది చూసి రాస్తుంది. నేను రోజూ చూస్తున్నాను."

"కన్నతండ్రి కంటే మీకెక్కువ తెలుసా?" అంది పెద్ద మేడమ్. తర్వాత పిల్లని అడిగింది. "చూసి రాశావామ్మా?"

నేను పిల్ల భుజం మీద చెయ్యి వేశాను. "నిజం చెప్తే నాన్న ఏమీ అనడు" అన్నాను, ఎంత మెత్తగా చెప్పగలనో అంత మెత్తగా. భుజం ఎముక చేతికి తగిలింది. చిక్కింది.

"అవును" అంది.

"ఎవరిది?"

పిల్ల తలెత్తి నన్ను చూసింది. "రెండు జడల పిల్లది" అన్నాను నేను.

"రెండు జడల పిల్లది" అంది.

టీచరమ్మ అక్కడే ఏడ్చేసింది. టీచర్లు అలా ఏడవకూడదు. పెద్ద మేడమ్ ఈ ఏడాదికి పిల్లని రెండో తరగతిలో కూర్చోబెడతానంది. పునాది గట్టిపడ్డాక చూద్దామంది. నేను కాగితం మీద సంతకం పెట్టాను. బయటికొచ్చి దానికి ఐస్‌క్రీమ్ కొనిచ్చాను, నిజం చెప్పినందుకు. కరిగి మోచేతి దాకా కారినా తినలేదు. తినమన్నాక తింది.

నవంబర్ 19

రెండో తరగతిలో పిల్ల తక్కినవాళ్ల కంటే తలకాయంత ఎత్తుంది. వెనక గోడకి ఆనించి కూర్చోబెట్టారట, ముందు కూర్చుంటే చిన్నవాళ్లకి బోర్డు కనపడదని. రెండు జడల పిల్ల వాళ్లమ్మ వీధిలో ఆపి మా ఆవిడని నానా మాటలూ అందట, మా అమ్మాయి పేరు ఎందుకు లాగారని. ఆ పిల్ల ఇప్పుడు మా ఇంటి ముందు ఆగడం లేదు. అవతలి పక్క నుంచి వెళ్లిపోతోంది. మా పిల్ల కిటికీలోంచి చూసి పలక తెచ్చుకుని బల్ల దగ్గర కూర్చుంది, నేను పిలవకముందే.

మా ఆవిడకి పొద్దుటి డ్యూటీ దొరికింది. సాయంత్రాలు ఇంట్లోనే ఉంటోంది. నాతో మాట్లాడదు. నిన్న పిల్లని తీసుకుని వాళ్లక్క ఇంటికి వెళ్తానంది, గోడకి చెప్పినట్టు. పిల్ల "నాకు లెక్కలున్నాయమ్మా" అంది. ఆవిడ దాని మొహం రెండు చేతుల్లో పట్టుకుని "గువ్వా, నేనే. అమ్మని" అంది. పిల్ల నా వంక చూసింది, ఏం చెప్పాలా అని. ఆవిడ పెట్టె సర్దడం ఆపేసింది.

నవంబర్ 24

ఒక్క తప్పు లేదు. మొదటిసారి.

నడకలు లేవు, వేళ్లు లేవు, నీళ్ల అవసరం కూడా లేదు. నా మొహం చూస్తూ చెప్తోంది. మొదట ఒక అంకె అంటుంది. నేను కనుబొమ్మ ముడిస్తే ఇంకో అంకె అంటుంది. ముడి విప్పగానే ఆగిపోతుంది. ఎంత ఏకాగ్రత ఉంటే పిల్లలు పెద్దవాళ్లని అంత శ్రద్ధగా చూస్తారు? గేటు దగ్గర రోజంతా నా ఈలకి ఆగే లారీ లేదు.

నవంబర్ 27

ఇవాళ ఆదివారం. మధ్యాహ్నం మా ఆవిడ ఆపిల్ పళ్లు కోసింది. ముగ్గురం బల్ల చుట్టూ కూర్చున్నాం. ఆవిడ నాతో మాట్లాడకపోయినా నా ముందు కూడా ఒక పళ్లెం పెట్టింది.

"నీకెన్ని ముక్కలు కావాలే?" అని పిల్లని అడిగింది.

పిల్ల ముక్కల వంక చూడలేదు. నా వంక చూసింది.

"రెండు" అంది. ఒక క్షణం ఆగి, "కాదు, నాలుగు" అంది. మళ్లీ నా మొహం చూసింది. "ఐదా?"

"లెక్క కాదే తల్లీ ఇది" అంది మా ఆవిడ. కత్తి కింద పెట్టేసింది. "నీకెంత ఆకలేస్తే అన్ని తీసుకో. నీ ఆకలి ఆయనకేం తెలుస్తుంది? నువ్వు చెప్పు. నీకెన్ని కావాలి?"

పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. జవాబు రానప్పుడు అలాగే తిరుగుతాయి. కాసేపు ఇద్దరి మొహాలూ చూసి, నా దగ్గరికి జరిగి, నాకు మాత్రమే వినపడేలా అడిగింది.

"నాకెన్ని కావాలి నాన్నా?"

నాకు చెప్పలేనంత సంతోషం వేసింది. మా ఆవిడ లేచి లోపలికెళ్లి తలుపేసుకుంది. ఏడుస్తున్నట్టుంది, ఏడవనీ. మూడు అన్నాను. మూడు తిని చేతులు తుడుచుకుంది. రేపటి నుంచి గుణకారాలు మొదలుపెట్టాలి.